కొత్త స్క్రీను పరీక్ష

సూళ్లూరుపేటలో నరేంద్రబాబు ఇల్లు. ఆయన రోజూ రైల్లో చెన్నై వెళ్లి, రాడార్ తెర ముందు కూర్చుని విమానాలకు దారి చెప్పే కంట్రోలర్. ఈరోజు సెలవు. ఎదురుగా వినీల, బల్ల మీద ఆమె తెచ్చిన స్క్రీను. వంటింట్లో భార్య ప్రమీల.

"వెనక్కి జరగొద్దు సార్. కుర్చీ ముందుకి."

"జరగలేదమ్మా. నడుం నొప్పిగా ఉంటే కాస్త ఆనుకున్నాను."

"అట్టా ఆనుకుంటూ పోతే గోడ కాడికి చేరతారు. డ్యూటీలో ఎంత దూరంలో కూర్చుంటారో అంతే దూరం ఉండాలన్నాను గదా."

"సరే, సరే, వచ్చినాను. చూడు వినీలా, ఈ స్క్రీన్లు తయారుచేసే వాళ్లందరిదీ ఒకటే జబ్బు. ఏసీ గదిలో కూర్చోని గీసేస్తారు. వాడేవాణ్ణి ఒక్క మాట అడగరు. మొన్న మా ఆఫీసు మాల్యాద్రి ఫోన్ చేసి, 'అన్నా, కొత్త స్క్రీన్లు వస్తున్నాయి, ఒకమ్మాయి మీ ఇంటికొస్తది, నీ మాటే ఫైనల్' అన్నాడు చూడు, ఎంత సంతోషమేసిందో!"

"అందుకే గదా సార్ మీకాడికి వచ్చింది. ఊ, ఈ విమానం పక్కన మూడు వరసలున్నాయి. చదవండి."

"పైన విమానం పేరు. కింద ఎత్తు. దానికింద స్పీడు."

"ఏముంటదో చెప్పమనలేదు సార్. ఏముందో చదవమన్నాను."

"చదవాల్సిన పనేంది? బొమ్మంతా తలకాయలో ఉంటది మాకు. స్క్రీను ఊరికే తోడుకి."

"మీ తలకాయలో బొమ్మని నేను మార్చలేను. నా స్క్రీను మీద చదవండి."

"రంగు బాలేదు."

"రంగు సంగతి తర్వాత."

"ఆ గీతలు కూడా మరీ సన్నంగా..."

"సార్."

"ప్రమీలా! కాఫీ ఏమైంది?"

"ఇప్పుడే తాగినారు గదండీ! గ్లాసు ఇంకా మీ పక్కనే ఉంది. ఆ అమ్మాయి అడిగిందానికి జవాబు చెప్పండి ముందు."

"నీకేం తెలుసు? ఇది టెక్నికల్ విషయం."

"నాకేం తెలుసులే. పులుసులో ఉప్పు చాలిందో లేదో, అంతవరకే."

"సార్, ఇటు చూడండి. రెండు చూపిస్తాను. ఇది బాగుందా... ఇదా?"

"రెండోది."

"మళ్లీ చూడండి. మొదటిదా, రెండోదా?"

"రెండోదే. అక్షరాలు పెద్దవి గదా. నా కోసం చెప్పట్లేదు సుమా! నాకేదైనా ఒకటే. వెనకాల వచ్చే పిల్లల కోసం చెప్తున్నా. ఫోన్లు చూసి చూసి వాళ్ల కళ్లు పాడైపోయినాయి."

"పాపం. ఆ పిల్లలకి సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వస్తదా సార్?"

"వస్తది... వస్తదంట. చెప్తుంటారు."

"దగ్గరివి మసకగా ఉంటాయా?"

"ఉంటాయంట."

"ఫోను చెయ్యి చాచి పట్టుకుంటారా?"

"చెయ్యి చాలక గోడకి ఆనించి చదువుతారమ్మా, ఆ పిల్లలు!"

"ప్రమీలా, నువ్వు మధ్యలో రావొద్దు!"

"కానీండి సార్. ఎడమ కన్ను మూసుకోండి."

"ఎందుకు?"

"పక్కనించి చూసినా స్క్రీను తెలియాల గదా."

"ఓహో! పాత స్క్రీను తెచ్చినోళ్లు ఇంత శ్రద్ధ పెట్టలేదమ్మా. బాగుంది, బాగుంది. మూసినాను."

"కుడి పక్క విమానం ఎత్తు?"

"మూడు, ఎనిమిది, సున్నా."

"ఎనిమిదా? మూడా?"

"మూడు. నేనన్నదీ అదే."

"ఎనిమిదన్నారు."

"నోరు జారింది."

"రెండు కళ్లూ తెరవండి. దానికి ఎదురుగా వచ్చేదాని ఎత్తు చెప్పండి."

"చూస్తున్నా."

"సార్?"

"చూస్తున్నానమ్మా!"

"అదీ మూడు, మూడు, సున్నానే సార్. రెండూ ఒకే ఎత్తులో, ఎదురెదురుగా."

"తెలుసు."

"తెలుసా?"

"ప్రమీలా, ఆ తలుపేసుకో."

"వెయ్యను."

"సరే, నువ్వూ విను. కనపళ్లేదమ్మా. పాత స్క్రీను మీద అక్షరాలు పెద్దవి చేసుకోని లాక్కొస్తున్నాను. ఈ కొత్తది వస్తే చేతులెత్తేయాల్సిందే. రేపు ఆ కుర్చీలోంచి లేపి ఏ మూలో ఫైళ్ల కాడ కూర్చోబెడితే నేను బతకలేను. భయమేస్తుంది నాకు. అందుకే అడుగుతున్నా, ఆ అక్షరాలు రవ్వంత పెద్దవి చేసిపెట్టు. నీకు పుణ్యముంటది."

"కళ్లజోడు పెట్టుకుంటే సరిపాయె గదా సార్. జోడు పెట్టుకోని డ్యూటీ చేసేవాళ్లు లేరా?"

"ఎందుకు లేరు? మాల్యాద్రికే ఉంది."

"ఆయన కుర్చీ పోయిందా?"

"పోలేదు."

"మరింకేంది?"

"వాడికి గద్దకన్ను అని పేరు లేదు గదా!"

"ఆ పేరు ఈయనకి ఈయనే పెట్టుకున్నాడమ్మా."

"ప్రమీలా!"

"సార్, సార్. ఒక్కసారి ఇది పెట్టుకోని చూడండి."

"కళ్లజోడా? స్క్రీనుతో పాటు ఇది కూడా ఇస్తారా?"

"పెట్టుకోండి ముందు."

"ఏదీ... అబ్బ! అబ్బబ్బబ్బ! మూడు, మూడు, సున్నా! ఆ పక్కదీ మూడు, మూడు, సున్నా! స్పీడు నాలుగు, ఆరు, సున్నా! ఇదిగో, దీన్ని వెంటనే కిందికి దించాల. ప్రమీలా, వచ్చి చూడు, చీమ తలకాయంత అక్షరం కూడా తెలుస్తుంది!"

"చూస్తూనే ఉన్నానండీ."

"బ్రహ్మాండం తల్లీ నీ స్క్రీను! నాకు ఓకే. రేపే పెట్టించెయ్యి. అదేంది, కింద మూలన చిన్నగా ఏదో ఉందే? ఇందాక లేదే ఇది?"

"ఇందాకటి నించీ ఉంది సార్."

"మీ కంపెనీ పేరా?"

"చదవండి."

"'వినీల కంటి ఆసుపత్రి, బజారు వీధి, సూళ్లూరుపేట'... ప్రమీలా!"