తలకాయ లేని బోల్టు

సత్తెనపల్లి, 2003 ఫిబ్రవరి. నట్లూ బోల్టులూ అమ్మే కొట్టు. లోపల కొట్టు నడిపే కరీమున్, ఎదురుగా విరిగిన బోల్టు పట్టుకుని మోటారు మెకానిక్ బుల్లయ్య.

"తలకాయ ఏది బాబాయ్?"

"ఏ తలకాయ?"

"ఈ బోల్టుది. కింద మర ఒక్కటే చూపిస్తున్నారు. పైన తలకాయేది?"

"తలకాయతో నీకేం పనమ్మా కరీమున్? ఈ మర చూసి ఇలాంటివే నాలుగు ఆలెన్ బోల్టులివ్వు, తలలో కీ దూర్చే గుంట ఉండేవి. కాకపోతే తల పొట్టిగా ఉండాలి."

"ఎంత పొట్టిగా?"

"నా గ్రైండరు మూత లోపలి పలకకీ, కింద తిరిగే బ్లేడుకీ మధ్య ఐదు మిల్లీమీటర్ల సందు. అందులో ఒక మిల్లీమీటరు ఖాళీగా వదిలెయ్."

"ఈ సైజులో మామూలు ఆలెన్ బోల్టు తలే ఆరుంటుంది కదా."

"ఆ సంగతి నాకు మిషన్ తయారయ్యాక తెలిసింది."

"మిషన్ చేసింది మీరే కదా?"

"నేనే. డ్రాయింగు నాది, వెల్డింగు నాది. ముందు పక్క ఎర్ర పెయింటుతో పేరు కూడా రాశా, బుల్లయ్య సూపర్ గ్రైండర్ అని. బోల్టుకి తలకాయ ఉంటుందన్న ఒక్కటీ మర్చిపోయా."

"మరి డిసెంబర్లో మామూలువే పట్టుకెళ్ళారుగా. ఆ సందులో ఎట్టా పట్టాయి?"

"అరగదీశా."

"దేన్ని?"

"తలల్ని. గ్రైండింగ్ రాయి మీద పెట్టి సగానికి సగం లేపేశా."

"అయ్యో బాబాయ్! సగం తల లేపేస్తే కీ దూర్చే గుంట ఏం మిగులుతుంది?"

"ఏం మిగల్లా. మీ పిన్ని పెట్టుకునే బొట్టంత లోతు మిగిలింది."

"కీ జారిపోదూ?"

"జారింది. అందుకని సుత్తితో దిగ్గొట్టి, కీకి పైపు తొడిగి తిప్పా."

"ఇంత సన్న బోల్టుకి పైపు తొడిగారా!"

"పద్దెనిమిదేళ్ళు సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని తల్లీ. అక్కడ ఒక్కో బోల్టు నా మణికట్టంత. పైపు తొడిగి ఇద్దరం వేలాడితేగానీ బిగించినట్టు లెక్కలోకి రాదు. ఉద్యోగం మానేశా గానీ వేలాడే అలవాటు మానలా. వచ్చి ఈ మిషన్ మీద వేలాడా."

"సరే, ఇవి చూడండి. తల నాలుగే. గుంట కూడా దానికి తగ్గట్టు చేసిందే. మీ పాత కీ దూరదు, ఒక సైజు చిన్నది పడుతుంది. పైపు మాత్రం తొడక్కండి బాబాయ్. తల పల్చన, లేచిపోతుంది."

"తొడగను."

"ఒట్టు?"

"పైపు చెత్తలో పారేస్తాలేమ్మా. ఇచ్చెయ్, వెళతా... ఏం తొందర లేదులే, నిదానంగా కట్టు."

"వెళతా అంటారు, తొందర లేదంటారు. ఇంతకీ వీటికి తగిలేదేంటి, నీళ్ళా, నూనా?"

"పండుమిరప పచ్చడి. ఉప్పు, చింతపండు, ఆపైన మన ఊరి కారం."

"అయితే ఇవి పక్కన పెట్టండి. మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పుకీ పులుపుకీ తట్టుకోదు. తుప్పు పైకి కనబడదు, సూది గుచ్చినట్టు లోపల్లోపల చిల్లులు పడతాయి. ఇంకో రకం ఉంది, మూడొందల పదహారు అంటారు. సముద్రం దగ్గర పడవలక్కూడా అదే వాడతారు."

"అట్టాగే. నాకో అనుమానం. ఇది అయస్కాంతానికి అంటుకుంటుందా?"

"స్టెయిన్‌లెస్ స్టీలు ఎందుకంటుకుంటుంది? అంటుకోకపోవటమేగా దాని గుర్తు."

"డిసెంబర్లో ఇచ్చినవో?"

"అవీ స్టీలే. తుప్పు పట్టనివే కావాలని అడిగి మరీ పట్టుకెళ్ళారు... ఏంది బాబాయ్, అట్టా కూర్చుండిపోయారు?"

"కాసిని మంచినీళ్ళివ్వమ్మా."

"తాగండి. ముందా బోల్టు తలకాయ ఎక్కడుందో చెప్పండి."

"పచ్చట్లో."

"ఆఁ?"

"పచ్చట్లో ఉందేమో. పోయిన మంగళవారం సాయంత్రం పని నుంచొచ్చి మూత తీస్తే బోల్టుకి తల లేదు. అప్పటికే మీ పిన్ని పచ్చడి సీసాల్లోకి ఎత్తేసి మూతలు బిగించేసింది. యాభై సీసాలు."

"పిన్నికి చెప్పారా?"

"చెబుదామనే... ఆవిడ వాళ్ళక్క ఇంటికెళ్ళింది. ఈలోగా పాత టేపురికార్డరు విప్పి, స్పీకర్లో అయస్కాంతం పీకి, యాభై సీసాలకీ చుట్టూ తిప్పా. హారతిచ్చినట్టు తిప్పా. ఒక్కదాంట్లోనూ టక్కుమనలా. హమ్మయ్య, పచ్చట్లో లేదు, ఇంకెక్కడో పడిందనుకున్నా."

"స్టీలుకి అయస్కాంతం తిప్పితే ఏం టక్కుమంటుంది?"

"ఫిట్టర్ని కదా, నాకు తెలియదా? తెలుసు. ఇప్పుడు నువ్వు చెప్పినప్పుడు కాదు, తిప్పుతున్నప్పుడే తెలుసు. తెలిసీ తిప్పా. టక్కుమనకపోవటం హాయిగా ఉంది మరి."

"పచ్చట్లో చెయ్యి పెట్టి చూడాల్సింది."

"చూశా. మూడు సీసాలు ఓ పళ్ళెంలో బోర్లించి వేళ్ళతో కెలికా. మళ్ళీ సీసాల్లోకి ఎత్తేసి, ఆ చేత్తోనే కన్ను నలిపా. ఆ పైన ఓ గంటసేపు నాకు బోల్టు కాదు, ప్రపంచమే కనబడలా. మీ పిన్ని వచ్చి ఏడుస్తున్నావేందయ్యా అంటే, మా అమ్మ గుర్తొచ్చిందని చెప్పా."

"నవ్వించమాకండి బాబాయ్. ఇంతకీ ఆ సీసాలెవరికి?"

"ఒంగోల్లో ఓ హాస్టలుకి. నూట ఇరవై మంది ఆడపిల్లలు. మీ పిన్నికి ఇదే మొదటి పెద్ద ఆర్డరు. ఇన్నాళ్ళూ వీధిలోవాళ్ళకి కిలో, రెండు కిలోలు చేసిచ్చింది. ఇప్పుడు సీసా మీద లేబుల్, దాని మీద వెంకటరావమ్మ పచ్చళ్ళు అని పేరు. లేబుళ్ళొచ్చిన రోజు ఒకటి తీసి అద్దానికి అంటించుకుంది."

"ఆ ముక్క ఏ పిల్ల పంటికిందో పడితే? గొంతులో అడ్డం పడితే?"

"నేననుకోలేదంటావా? అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అదే."

"మరి చెప్పరేం?"

"చెబితే ఆర్డరు పోద్ది. ఆవిడ పేరు పోద్ది. నా మిషన్ వల్ల పోద్ది. ఎట్టా చెప్పను?"

"ఎప్పుడు పంపుతున్నారు?"

"పంపేదా... ఇంకా ఉందిలే."

"ఎప్పుడు బాబాయ్?"

"ఇవాళే. పన్నెండింటి లారీకి."

"టైము పదకొండున్నర! వచ్చిన దగ్గర్నుంచీ తలకాయ పొట్టిది, తలకాయ పొడుగుదని కబుర్లు చెబుతా కూర్చున్నారా?"

"కావాలనే కూర్చున్నా. లారీ కదిలిపోతే ఇక నా చేతిలో ఏం లేదని చేతులు దులిపేసుకోవచ్చని. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరా, కరీమున్. మా ఇంటి నుంచి నీ కొట్టుకి పది నిమిషాలు. దార్లో మూడు టీలు తాగా. అట్టాంటి పిరికి వెధవని నేను."

"ఇదిగో ఫోను. ఇంటికి చెయ్యండి."

"నంబరు చెబుతా, నువ్వే నొక్కు."

"మోగుతోంది... ఎవరూ ఎత్తట్లా. బయల్దేరిందేమో... బాబాయ్! అదిగో ఆ ఆటో! అట్టపెట్టెలేసుకుని వెళ్ళేది పిన్నేగా?"

"ఏదీ? ఒరేయ్ మరియదాసూ! ఆటో ఆపరా! ఆపరా నాయనా!"

"ఏందయ్యా, నా ఆటో ఆపించి ఆ అరుపులు? బజారంతా మనల్నే చూస్తోంది. లారీ వెళ్ళిపోద్ది."

"వెళ్ళిపోనీ వెంకటరావమ్మా. పెట్టెలు దించెయ్."

"ఎందుకు?"

"పచ్చట్లో బోల్టు తలకాయ ఉంది. ఏ సీసాలో ఉందో తెలియదు. నేను అరగదీసి, పైపు తొడిగి విరగ్గొట్టిన తలకాయ. ఒంగోలుకి ఫోన్ చేసి తప్పు నాదని నేనే చెబుతా. నీ పేరుకి మచ్చ రాకుండా చెబుతా. ఆ పిల్లలకి మాత్రం ఇది పంపొద్దు."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మంగళవారం నుంచి."

"అందుకేనా వారం నుంచీ కంచం ముందు కూర్చుని దిక్కులు చూస్తున్నావు?"

"ఊఁ."

"నాకు చెప్పాలనిపించలా?"

"సిగ్గేసింది. నువ్వు లేబులు అద్దానికి అంటించుకున్నావు. దాన్ని చూసినప్పుడల్లా భయమేసింది."

"సర్లే. మరియదాసూ, నువ్వు పోయి పెట్టెలు లారీకెక్కించు. నేను నడిచొస్తా."

"ఆగరా! నీకర్థం కావట్లా వెంకటరావమ్మా, ఆడపిల్లలు తినే తిండి!"

"పిన్నీ, బాబాయ్ చెప్పేది నిజమే. ఒక్కసారి ఆగండి."

"నువ్వుండు కరీమున్. ఆయనకో స్టూలెయ్యి. చూడయ్యా, ఏడాదిపాటు ముచ్చటపడి చేశావని మొహం మీద అనలేక ఊరుకున్నా. నీ మిషన్లో వేస్తే కాయ వేడెక్కి నల్లబడుద్ది. మొదటి వాయే పారబోశా. ఈ యాభై సీసాలూ నేనూ మా అక్కా వాళ్ళ దొడ్లో రోట్లో తొక్కినవి."

"రోట్లోనా? మరి నేను రోజూ సాయంత్రం మూత తీస్తే మిషన్లో పచ్చడి అంటుకుని ఉండేదే!"

"నువ్వొచ్చే ముందు గుప్పెడు తొక్కు అందులో వేసి తిప్పి వదిలేదాన్ని, మర్నాడు పారబోసేదాన్ని. నువ్వు చూసుకుని మురిసిపోతావనయ్యా."