పేరమ్మ కాశీలో వదిలిన పెరుగు

పేరమ్మంట, కృష్ణ ఒడ్డున లంకలో ఉండేది, గేదెలావిడ. పెరుగు తోడేసిందంటే గరిట నిలబడుద్ది, కుండ బోర్లించినా జారదు. ఊరంతా పెరుగు పేరమ్మ అనేవోళ్ళు. ఆవిడ మాత్రం ఆ పెరుగు నాలిక్కి కూడా తగలనిచ్చేది కాదు. ఎందుకూ అంటే, కాశీలో వదిలేసిందంట. కాశీకెళ్తే ఇష్టమైందేదో ఒకటి వదిలి రావాలి గదా, మరి మనోళ్ళేం వదుల్తారు? మా పెద్దత్త కాకరకాయ వదిలింది, జన్మలో ఎప్పుడు తిన్నదని! నవ్వమాక పిన్నీ, నువ్వేం వదిలావో కూడా నాకు తెలుసు, చెప్పమంటావా? సరే, చెప్పన్లే, ముందా చింతపండు గింజ తియ్యి. పేరమ్మకి ఆ దొంగ తెలివి లేదు. గంగలో మునిగి, "పాలూ పెరుగూ వదిలేస్తన్నా, చేపా మాంసం గుడ్డూ కూడా వదిలేస్తన్నా, మా అంకయ్య తాగుడు మానాల తల్లీ" అని దణ్ణం పెట్టుకుందంట. అంకయ్యంటే కొడుకు, ఒక్కడే. మొగుణ్ణి ఆ తాగుడే మింగింది, వీడన్నా దక్కాలని ఆవిడ బాధ.

ఏమైందంటే, ఆవిడ బస్సు దిగేసరికి అంకయ్య తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. "మానేశానమ్మా" అన్నాడు. ఆవిడ నడిరోడ్డు మీదే వాణ్ణి కావిలించుకుని ఏడ్చిందంట. మానేశాడు, అబద్ధం కాదు. ఒక నెలో ఏమో మానేశాడు. ఆ తర్వాతేముంది, రేవు దాటి అవతలి గట్టుకి పోయి తాగి, అక్కడే ఎవరి గడ్డివామి పక్కనో పడి దొర్లి, మత్తు దిగాక నోట్లో సోంపు పోసుకుని ఇంటికొచ్చేవోడు. పెళ్ళాం శేషారత్నానికి తెలుసు. ఊరందరికీ తెలుసు. గేదెలకి కూడా తెలుసనుకో. తెలియంది ఆవిడొక్కదానికే. ఆవిడేమో పాలు పోసే ప్రతి గుమ్మంలోనూ, "నా కొడుకు చుక్క ముట్టడమ్మా, నా మొక్కు అట్టాంటిది" అని ఒకటే చెప్పుకోటం. వినేవోళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని "అవునత్తా, అవును" అనేవోళ్ళంట. వాడు పక్కనే కూర్చుని గడ్డపెరుగు కలుపుకుని తింటంటే, ఆవిడ చారునీళ్ళ మెతుకులు తింటా, వాడి కంచం చూసి మురిసేదంట.

అట్టా ఏళ్ళు గడిచినయ్. గడిచేకొద్దీ ఆవిడకి కాళ్ళు తిమ్మిర్లెక్కటం మొదలైంది. నాలిక ఎర్రగా, నున్నగా అయిపోయి ఒకటే మంట. "ఏందే శేషారత్నం, నేల మెత్తగా ఉందేందే, పరుపు మీద నడిచినట్టు" అనేదంట. ఇక ఆ తర్వాత పాలు పోసిన గుమ్మానికే మళ్ళీ వచ్చి పోసింది. తోడెయ్యబోయి పాలల్లో సున్నం కలిపింది. ఎప్పుడో చచ్చిపోయిన గేదెని పేరెట్టి పిలిచి, రావట్లేదని దొడ్లో కూర్చుని ఏడ్చింది. ముసల్దానికి మతి పోయిందన్నారు. అంకయ్య కూడా అదే అన్నాడు. అదైతే ఎవరి తప్పూ ఉండదు గదా, హాయి.

శేషారత్నం మాత్రం ఊరుకోలా. అత్తని ఆటో ఎక్కించి టౌనుకి తీసుకుపోయింది. డాక్టరమ్మ నాలిక చూసింది, కాళ్ళు తట్టి చూసింది, రక్తం తీయించింది. ఇది ఉత్త ముసలితనం కాదమ్మా, ఒంట్లో బీ ట్వెల్వ్ అనే విటమిను అడుగంటిపోయింది, సూదులు వేస్తే చాలావరకు కుదురుకుంటది, ఆలస్యం చేస్తే మాత్రం పోయింది పోయినట్టే అన్నదంట. సూది ఎత్తింది. అప్పటికి పేరమ్మకి ఇంకా ఎరక ఉంది, అదీ వచ్చిన గొడవ. "ఏముందమ్మా అందులో?" అని అడిగింది. డాక్టరమ్మ మంచిగానే, "చేపల్లో, పెరుగులో ఉండే బలమే మామ్మా" అన్నది. అంతే, చెయ్యి లాక్కుని పైటలో దాచేసుకుంది. "అయ్యో, ఇది పాలల్లోంచి తీసింది కాదు మామ్మా" అంటే, "దేవుడు అంత తెలివితక్కువోడా తల్లీ, సూదిలో దూరితే కనిపెట్టలేడా? నా కొడుకు మళ్ళీ తాగితే నువ్వొస్తావా ఆపటానికి?" అన్నదంట. చెప్పండి, ఏం చదువు చదివితే జవాబొచ్చుద్ది దీనికి?

ఇంటికొచ్చి శేషారత్నం, "అత్తా, నీ కొడుకు తాగుతానే ఉన్నాడు" అని చెప్పేసింది. ఆవిడ కోడలి చెంప ఛెళ్ళుమనిపించింది. "నా బిడ్డ మీద చాడీలు చెప్తావటే!" అని. ఇక వాడి నోటితో వాడే చెప్పాలి. "ఇయ్యాలన్నా చెప్పవయ్యా, నీకు దణ్ణం పెడతా" అంటే, రేపన్నాడు. కోతలయ్యాక అన్నాడు. అమ్మ మనసు బాగున్నప్పుడు అన్నాడు. తల్లి మతి పోతందని దిగులు, ఆ దిగులుకి ఇంకో గ్లాసు. మరేం చేస్తాడు పాపం, అందరు కొడుకుల్లో మంచి కొడుకని తల్లి నోట వినటం అలవాటైపోయింది వాడికి.

ఒక పొద్దున పేరమ్మ కోడల్ని పిలిచి, "ఎవరే ఆ మనిషి, మన నూతి కాడ మొహం కడుక్కుంటన్నాడు?" అని అడిగిందంట. అప్పుడు దిగింది వాడికి మత్తు. తడి మొహంతోనే లోపలికి ఉరికి, గిన్నెడు పెరుగు తెచ్చి, తల్లి కాళ్ళ కాడ కూలబడ్డాడు. "అమ్మా, నేను తాగుతున్నానమ్మా. నువ్వొచ్చిన కొన్నాళ్ళకే మొదలెట్టా. నీ మొక్కు ఎప్పుడో చెడింది, నేనే చెడగొట్టా. ఇంకెందుకమ్మా ఒళ్ళు మాడ్చుకుంటావ్, తినమ్మా" అని గొంతు పగిలేట్టు ఏడ్చాడంట. ఆవిడ వాడి తల నిమిరింది. "ఏడవమాక నాయనా. ఎవరబ్బాయివి నువ్వు? మా అంకయ్య కూడా నీకుమల్లే తాగేవోడు. నేను కాశీలో పెరుగు వదిలేశా, వాడు మానేశాడు. మీ అమ్మ ఉందా? ఉంటే పంపించు కాశీకి" అని, ఆ గిన్నె మెల్లిగా అవతలికి నెట్టేసిందంట.

ఇప్పుడు సూదులు వేయించుకుంటంది లెండి, అందులో ఏముందని అడిగే ఎరక లేదు గనక. తిమ్మిర్లు తగ్గినయ్, గోడ పట్టుకోకుండా నడుస్తంది, ఒక్కోసారి కోడల్ని పేరెట్టి పిలుస్తది కూడా. కొడుకు మాత్రం ఎవరో కొత్తోడే. అంకయ్య నిజంగానే మానేశాడంట. పొద్దున్నే పోయి ఆవిడ ముందు కూర్చుని "మానేశానమ్మా" అని చెప్తాడంట. ఆవిడ పాపం సంబరపడిపోయి, "మంచి పని చేశావయ్యా, మీ అమ్మ ఏం వదిలిందేంటి?" అని అడుగుద్దంట.

వాడేమంటాడంటారా? నాకేం తెలుసు, వాడు నాకు చెప్పలా. అంతే, అయిపోయింది. ఏందట్టా చేతులాపేసి నా మొహం చూస్తారు? నవ్వించే కథ చెప్పమన్నారు, సగం దాకా నవ్వారుగా.