పసుపుకు దక్కిన పేరు

1996 ఆగస్టు 19వ తేదీన పటాన్‌చెరులోని మా ట్రస్టు ఆసుపత్రిలో చర్మవైద్యులుగా చేరిన డాక్టర్ దుర్గాప్రసాద్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభవేళ, వారి సహచరుడిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు లభించింది.

తొలి దశాబ్దమంతా వారి సేవ కాజీపల్లి, జిన్నారం పరిశ్రమల్లో రసాయనాలు తగిలి చేతులు పొక్కిన కార్మికులకే అంకితమైంది. 2008లో సౌందర్య చికిత్సా విభాగం బాధ్యతలు స్వీకరించిన నాడే, "ముఖాన్ని కాదు, మనిషిని చూసి మందు రాయండి" అని మాకు ఉపదేశించారు. నిద్ర, ఆహారం, ఎండ, డ్యూటీ వేళలు, మనసులోని దిగులు విచారించనిదే వారు లేజర్ యంత్రం ముట్టేవారు కాదు. బయట వరుసలో జనం విసుక్కున్నా లోపల ముచ్చట్లు సాగుతూనే ఉండేవి.

పాశమైలారంలో ప్యాకింగ్ పనిచేసే రవళిని నాయనమ్మ ముత్యమ్మ గారు తీసుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తెల్లబడాలని ఎవరినీ అడగకుండా కొన్న క్రీము వాడి, ఆ పిల్ల చెంపలు కందిపోయి మచ్చలు పడ్డాయి. పెళ్లి మూడు నెలల్లో ఉంది. ఆ ముఖంతో పీటల మీద కూర్చోనని ఆమె మొండికేసింది.

"లగ్గం దగ్గరికొచ్చింది సారూ, పిల్లను జెర తెల్లగ జేయుండ్రి" అన్నారు ముత్యమ్మ గారు.

"తెల్లగ ఎందుకవ్వా? నీ మనుమరాలు ముందుగాల ఎట్లుండెనో గట్లనే చేస్త" అన్నారు డాక్టరు గారు.

క్రీమును క్రమంగా మాన్పించి, రాత్రి డ్యూటీ మార్పించి, మచ్చలకు తేలికపాటి చికిత్స చేశారు. గడ్డం మీది పుట్టుమచ్చ తీసెయ్యమని రవళి అడిగితే, "మీ అవ్వ పోలిక బిడ్డా, ఉండనీ" అని ఒప్పించారు.

మమ్మల్నీ పిలిచిన ఆ పెళ్లిలో ఆమె ముఖం కళకళలాడుతుంటే చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఏ దవాఖానలో చూపించారని ఒకామె అడిగింది.

"దవాఖాన ఏంది! అంత నేను పెట్టిన పసుపు నలుగే" అన్నారు ముత్యమ్మ గారు, పక్కనే డాక్టరు గారు లడ్డూ తింటుండగా!

ఒళ్లు మండి నేను నోరు తెరవబోతే, వారు నా చెయ్యి నొక్కి పకపకా నవ్వారు. "ఊకో హరినాథ్. మనం చేసింది కనబడుతలేదంటే పని మంచిగైనట్టే."

ఇన్నేళ్లుగా వారికి రావలసిన పేరు ఇలా పసుపుకూ, శనగపిండికీ, మేనత్త పోలికలకూ పోయింది. వారు పట్టించుకోలేదు గానీ నా ఉక్రోషం ఇంకా తీరలేదు. సన్మాన సభకు ముత్యమ్మ గారు ముందే వచ్చి కూర్చుంటానని కబురంపారు. రవళి ఈ వ్యాసం చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను: అవ్వా, అది పసుపు కాదు, మా దుర్గాప్రసాద్ గారి హస్తవాసి!

శ్రీమతి ప్రేమలత గారితో కలిసి వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. నవ్వి నవ్వి వారి కళ్ల చివర పడిన ముడతలు ఏటేటా ఇంకాస్త పెరగాలి. వాటి జోలికి మాత్రం ఏ చర్మవైద్యుడూ పోకూడదు.

— డా. హరినాథ్