ఎర్ర గీత

టీవీలో బొమ్మ సరిగ్గా రావట్లేదని పిలిస్తే వచ్చిన మెకానిక్ డాబా మీద కేబుల్ జాయింటు విప్పి, సిగ్నల్ చూసే మీటరు తగిలించాడు. అది నూటికి నలభై చూపగానే డిష్షు దగ్గరికి స్పానర్‌తో వెళ్లాడు. ఇంటావిడ కొంగు బిగించి వెనకే వచ్చింది.

"బాబూ, డిష్షు జోలికి వెళ్లకు. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు."

"మొన్నటి గాలివానకి వీధిలో డిష్షులన్నీ తిరిగిపోయాయి పిన్నిగారూ. మీదొక్కటే ఆగుతుందా?"

"చెబితే వినవుగా. కానివ్వు."

నట్టు వదులుచేసి అటూ ఇటూ తిప్పాడు.

"ఉన్న నలభై కూడా పోయిందా?"

"సున్నాకొచ్చిందండీ."

"గొట్టం మీద ఎర్ర గీత ఉంది, డిష్షు పట్టీ మీద ఇంకోటి. రెండూ కలిపి బిగించు."

బిగించాడు. నలభై మళ్లీ వచ్చింది.

"ఇప్పుడు డిష్షు తలకాయ దగ్గర కేబుల్ పిన్ను విప్పి చూడు."

విప్పితే లోపలంతా నీళ్లు, తుప్పు. కొత్త పిన్ను వేసి చూస్తే మీటరు తొంభై రెండు. మెకానిక్ వంగి ఆ ఎర్ర గీతల్ని వేలితో తడిమాడు.

"ఈ గీతలు ఎవరు పెట్టారండీ?"

"నేనే, గోళ్ల రంగుతో. మొదట బిగించినాయన పొద్దున్నించీ సాయంత్రందాకా తిప్పాడు. సిగ్నల్ దొరికిన క్షణాన గీసేశాను. గాలి వీచినప్పుడల్లా వచ్చి చూసుకుంటాను."

"పదేళ్లుగా ఇదే పని నాది. ఒక్కసారీ తట్టలేదు. ఆ సీసా ఇస్తారా? పక్కింటి డిష్షు సరిచేశాక దానికీ గీస్తాను."

"సీసా ఇవ్వను. పద, నేనే వస్తాను. నువ్వు వంకరగా గీస్తే పోయేది నా పేరు."