పరాయి దేశంలో మేడ మీద వాటా

కళ్ళద్దాల దుకాణం కట్టేసే వేళ. భార్య అతని ఫోను చేత్తో పట్టుకుని బల్లకి అడ్డంగా నిలబడింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ అతను తల ఎత్తలేదు.

"ఆ ఇంట్లో ఎవరుంటారండీ?"

"ఏ ఇంట్లో?"

"ఇదిగో, మీ ఫోనులో, ఈ రశీదు మీద. పైన మీ పేరు, కింద పరాయి దేశంలో చిరునామా. మేడ మీద వాటా అట."

"ఓ, అదా."

"ఆఁ, అదే. ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరే. అది ఉత్తుత్తి ఇల్లు."

"ఉత్తుత్తి ఇంటికి మేడ కూడానా?"

"ఇల్లెక్కడా అని ఫోను అడిగింది, ఏదో ఒకటి రాశాను. పుస్తకాల కోసం. ఫోనులో చదివేవి. అక్కడివాళ్ళకైతే సగం ధరకే ఇస్తారు. మనకివ్వరు. అందుకని అక్కడే ఉంటున్నానని చెప్పా."

"మీరు? పుస్తకాలు? మందు సీసా మీద చీటీ కూడా నాచేతే చదివిస్తారే! నా చెవిలో పువ్వులు పెట్టకండి."

"ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యండి."

"నీ మీదే."

"సరే, నిజమే అనుకుందాం. అది మాత్రం మోసం కాదూ?"

"ఎవర్ని మోసం చేశానే? అమ్మేవాడు ఒకే సరుకుకి రెండు ధరలు పెట్టొచ్చు, నేను రెండిళ్ళు పెట్టకూడదా?"

"రెండిళ్ళు అన్నారూ! నోరు జారారు."

"అయ్యో, మాటవరసకి అన్నానే!"

"అక్కడివాళ్ళ రాబడికి తగ్గట్టు ధర తగ్గించారు. మీకోసం కాదు. ధర తగ్గితే రాసినవాళ్ళ వాటా కూడా తగ్గుతుంది. రాసేదాన్ని, నాకు తెలీదా?"

"అసలు కొనకపోతే ఆ వాటా కూడా ఉండదుగా."

"బాగుంది. సగం జేబు కొట్టి, మిగతా సగం వదిలేశానని మెచ్చుకోమంటారా? ఇంతకీ ఏం పుస్తకాలు?"

"పుస్తకాలంటే... ఒక్కటే."

"ఒక్కదానికి ఇన్ని రశీదులేంటి? ఒక్కదాని మీదా పుస్తకం పేరు లేదు, ఉత్త అంకెలే."

"ఒక్కటే, మళ్ళీ మళ్ళీ. కానుకలుగా పంపాను. అద్దాలకొచ్చినవాళ్ళకి, వాళ్ళ చుట్టాలకి. ఇక్కడి ధర పెట్టి అంతమందికి పంపగలనా?"

"ఎవరావిడ?"

"ఎవరు?"

"రాసినావిడ. ఊరంతా పంచేంత అభిమానం!"

"ఆవిడే అని నీకెలా తెలుసు?"

"మీ చెవులు ఎర్రబడ్డాయి. ఇటు చూసి చెప్పండి."

"నువ్వే."

"ఆఁ?"

"నీ నవలేనే. ఒక్కరూ కొనట్లేదని తిండి మానేసి కూర్చున్నావు. చూడలేకపోయాను."

"అన్నీ ఆ దేశం లెక్కలోనే పడ్డాయా?"

"అక్కణ్ణుంచేగా కొన్నది. అక్కడే పడతాయి. ఏం? కోపమా?"

"ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ఆ దేశంలో మీకు పాఠకులు పుట్టుకొచ్చారమ్మా, రెండో నవల మొదలుపెట్టండి అన్నాడు."

"మంచిదేగా! నవ్వవేంటి?"

"వాళ్ళని నమ్ముకుని, పొద్దునే ఉద్యోగం మానేసి వచ్చానండీ."