లేబుళ్ల ఫోల్డర్‌లో అప్పా పేరు

శివకాశిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు. పిల్లలు ‘అప్పా’ అని పిలిచే నాన్నదే అది. అందరి బొమ్మలూ ఒకేచోట దాచే కొత్త స్టోరేజ్ పెట్టెలో అక్క సెల్వకని కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరెవరికి ఏ ఫోల్డరో పెడుతోంది. తమ్ముడు కనగవేల్ వెనక నిలబడి చెబుతున్నాడు.

“ఇసక్కికి లేబుళ్లు ఇచ్చావా అక్కా?”

“ఇచ్చాను. చూడొచ్చు, మార్చొచ్చు. కేలండర్ల ఫోల్డర్ మాత్రం వాడికి కనపడదు. తర్వాత?”

“మురుగేశ్వరికి కేలండర్లు. లేబుళ్లు వద్దు.”

“అయింది. అప్పాకి రెండూ.”

“అప్పాకి... లేబుళ్లు చూడ్డం వరకే. మార్చే వీలు తీసెయ్.”

“ఏంటీ? మళ్లీ చెప్పు.”

“వినపడింది నీకు.”

“రాతి అచ్చుల రోజుల నుంచీ ఈ ఊరి టపాకాయల డబ్బాల మీద ఆయన బొమ్మలే కదరా! ఆయన గీసిన లేబుల్ ఆయన ముట్టుకోకూడదా?”

“పెట్టమన్నది పెట్టు.”

“కారణం చెప్పు, పెడతాను.”

“కొత్త పద్ధతి.”

“పద్ధతా! నిన్నగాక మొన్న చేరిన ఇసక్కి మార్చొచ్చు, ఆయన మార్చకూడదు. బాగుందిరా నీ పద్ధతి!”

“అక్కా, రాకెట్ లేబుళ్ల లోడంతా తిరిగొచ్చింది, తెలుసుగా.”

“తెలీకపోవడమేం? నీ నిర్వాకమే కదా! ఎర్రగా ఉండాల్సిన రాకెట్టుని మట్టి రంగులో కొట్టించావు. ఆర్డరిచ్చిన పార్టీవాడు అందరి ముందూ కడిగేస్తుంటే నోరెత్తలేదు.”

“అవును. నా తప్పే. ఒప్పుకున్నానుగా.”

“తప్పు నీది, శిక్ష ఆయనకా?”

“నీకు దండం పెడతాను, ఆ ఒక్కటీ నొక్కెయ్.”

“నొక్కను. మీ ఆవిడ నూరిపోసిందా? పెద్దాయన్ని పక్కకి నెట్టేస్తే ప్రెస్సు మీ చేతికొస్తుందనా?”

“ఆవిణ్ణి లాగకు.”

“లాగుతాను! ఇవాళ ఫోల్డర్, రేపు కుర్చీ, ఎల్లుండి గేటు బయటికి. అంతేగా?”

“ఏమైనా అనుకో. లే, నేనే చేసుకుంటాను.”

“చేసుకో చూద్దాం. పాస్‌వర్డ్ నా దగ్గరుంది. చచ్చినా చెప్పను.”

“అరవకు అక్కా. పక్క గదిలో ఉన్నారు.”

“విననీ! కొడుకు ఎంత ఘనుడో విననీ! అప్పా! అప్పా, ఇలా రండి!”

“వద్దు... అప్పా, మీరు వెళ్లి భోంచెయ్యండి. నేను చూసుకుంటాను.”

“నువ్వు నోరు ముయ్యరా! వచ్చారా అప్పా? మీరింక మీ లేబుళ్ల మీద చెయ్యి వెయ్యకూడదట. ఎందుకో అడగండి. మీ మొహం మీదే చెప్పమనండి.”

“వాడు చెప్పడు సెల్వీ. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను.”

“ఒట్టా? ఏం ఒట్టు?”

“అప్పా, వదిలెయ్యండి...”

“నువ్వుండు తంబీ. చాలా తిట్లు తిన్నావు. అమ్మా, ఆ రాకెట్ రంగు మార్చింది వాడు కాదు, నేను. ఎరుపు పల్చగా ఉందనిపించి సరిచేశాను. సరిచేశాననే అనుకున్నాను.”

“మీరా? రంగుల్లో మీరు పొరపాటు పడ్డమేంటి అప్పా?”

“ఎరుపూ మట్టి రంగూ నాకిప్పుడు ఒకేలా కనపడుతున్నాయమ్మా. ఫోల్డర్ తెరిచి ఉంటే నా చెయ్యి ఊరుకోదు. నువ్వే నొక్కు.”