స్థానికుల కార్డు

చెరువు గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న మనిషి వెనక గార్డు వచ్చి నిలబడ్డాడు.

"చేపలు పట్టే లైసెన్సు చూపించండి."

"ఈ అండీలేంట్రా కొత్తగా? బావా బావా అంటూ వెనకే తిరిగేవాడివి."

"లైసెన్సండీ."

"ఇదుగో. స్థానికుల కార్డు. డిసెంబరు దాకా చెల్లుతుంది."

"ఈ అడ్రసులో ఉంటేనే చెల్లుతుంది. ఆ ఇంట్లో ఉండేది మా అక్క. మీరు వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది."

"విడాకులేమీ కాలేదుగా. అది నా ఇల్లు కూడా. తాళం చెవి ఇదుగో, నా జేబులోనే ఉంది."

"అది పాత తాళానిది. మార్చింది నేనే. కార్డిలా ఇవ్వండి. బయటివాళ్ళకి ఒక్కరోజు పాసు ఉంటుంది, సాయంత్రం ఆరింటిదాకా. జానెడు కంటే చిన్న చేప పడితే నీళ్ళలో వదిలెయ్యాలి."

"నాకే రూల్సు చెప్తున్నావా? నీకు ఎర గుచ్చడం నేర్పిందెవరు?"

"మీరే. అందుకే చూడగానే తెలిసిపోయింది. మీ గాలానికి ఎర లేదు. పొద్దుట్నుంచీ మీరు చూస్తోంది నీళ్ళకేసి కాదు, రోడ్డుకేసి."

"సరే. మీ అక్క ఆరున్నరకి ఈ దారినే ఇంటికెళ్తుంది కదా. ఆ అరగంట చూసీచూడనట్టు వదిలెయ్యి. ఒక్కసారి మాట్లాడి వెళ్ళిపోతాను."

"అక్క ఇవాళ పొద్దున్నే మాట్లాడేసింది, బావా."

"ఎవరితో?"

"మా ఆఫీసుతో. చెల్లని కార్డు పట్టుకుని గట్టు మీద ఒకాయన కూర్చున్నాడు, వచ్చి లేపండని ఫోన్ చేసింది."